రెండో మోటారు అవసరమా బేటా?

మీ ఇంట్లో కుర్రాడు పాత సైకిల్ ముందేసుకుని, "అబ్బా, రెండు చక్రాలకూ చెరో హబ్ మోటారు పెడతా" అంటున్నాడా? ముబారక్. తిట్టకండి. పంక్చర్‌వాలాలని మనల్ని వెక్కిరించే నోళ్లు చాలానే ఉన్నాయి. చక్రం మధ్యలో మోటారు కూర్చోబెట్టి తీగలు కలిపే చెయ్యి మాత్రం హునర్ ఉన్న చెయ్యి. ఈ శౌఖ్ కొత్తదీ కాదు. వెనక చక్రంలో మోటారు ఉన్న సైకిల్‌కి అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ 1895లోనే పేటెంట్ తీసుకున్నాడు.

నా తగాదా అంతా రెండో మోటారుతోనే.

మా దమ్మపేట పామాయిల్ తోటల్లో వానాకాలం బురద సంగతి నాకు తెలుసు. ఒక చక్రం జారితే రెండోది లాగుతుంది, నిజమే. కానీ లెక్క చూడండి. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 360 వాట్ అవర్లు. 250 వాట్ల మోటార్లు రెండూ పూర్తి తాకత్‌తో తిరిగితే ముప్పావుగంట కూడా రాదు. తోట మధ్యలో ఆగిపోతే ఆ బరువంతా తొక్కుకుంటూ రావాల్సింది బేటానే.

అంతకంటే ఖతర్నాక్ విషయం ముందు ఫోర్కు. యాక్సిలరేటర్ తిప్పగానే మోటారు ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. మామూలు సైకిల్ ఫోర్కు దానికోసం చేసింది కాదు. టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ బిగించకపోతే గాడి విరిగి చక్రం ఊడొచ్చు. వెనక చక్రం ఊడితే ఒక తీరు, ముందుది ఊడితే మొహమే రోడ్డుకి తగులుతుంది. ఆ పైసలు మంచి బ్రేకులకు పెట్టమనండి.

ఇక ఖానూన్. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మినహాయింపు ఉంది: మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించకూడదు. రెండు మోటార్లు కలిస్తే 500 వాట్లు, మినహాయింపు ఖతమ్. ఒకే మోటారున్నా టెస్టింగ్ ఏజెన్సీ చూసి ఒప్పుకోవాలి. కంపెనీకి అది మామూలు పని. షెడ్డులో ఒక్క సైకిల్ చేసుకున్న పిల్లాడు ఎక్కడికి పోతాడు? జిల్లాలోని పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో ఒక ఉస్తాద్ చూసి కాగితం రాసిచ్చే ఇంతెజామ్ సర్కార్ ఎందుకు చేయకూడదు? మన ఎమ్మెల్యేలు ఓట్లకు వచ్చినప్పుడు షాదీఖానాతో పాటు ఇదీ అడగండి.