డిస్కుకు చిన్న రంధ్రం... ఎవరికి అవసరం?

నడుంలో మొదలైన నొప్పి పిరుదు మీదుగా పిక్కలోకి, అక్కణ్నుంచి పాదం దాకా జివ్వున లాగేస్తుంది. తుమ్మినా దగ్గినా ప్రాణం పోయినంత పనవుతుంది. స్కానింగ్ చేయిస్తే 'డిస్కు జారింది' అంటారు. నిజానికి డిస్కు ఎక్కడికీ జారదు. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే దాని పైపొర చిట్లి, లోపలి గుజ్జు బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కుతుంది. ఎక్కువగా నడుం చివరి రెండు డిస్కుల్లోనే ఈ తంటా.

దీనికి ఆపరేషనంటే ఒకప్పుడు వీపు మీద పెద్ద కోతే. ఎండోస్కోపీలో సుమారు 8 మిల్లీమీటర్ల గాటు చాలు. నడుం పక్క నుంచి సన్నని గొట్టం పంపి, కెమెరాలో చూస్తూ, సెలైన్‌తో కడుగుతూ, నరాన్ని నొక్కుతున్న ముక్కను చిన్న పట్టకారుతో తీసేస్తారు. చాలాసార్లు పూర్తి మత్తు ఇవ్వరు. నరానికి ఏదైనా తగిలితే రోగే చెప్పగలడు, అదీ ఒక రక్షణే. కండరాలు పెద్దగా దెబ్బతినవు కాబట్టి అదే రోజో మర్నాడో ఇంటికెళ్లొచ్చు.

అలాగని వెంటనే బల్లెక్కాల్సిన పనిలేదు. పొడుచుకొచ్చిన గుజ్జును చాలామందిలో శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. 6 నుంచి 12 వారాలుగా కాలినొప్పితో తీవ్రంగా బాధపడుతున్న 283 మందిని నెదర్లాండ్స్ వైద్యులు పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి మాత్రం, మందులతో ఆగి చూసినవారికీ వీరికీ పెద్ద తేడా లేదు. ఆగినవారిలోనూ కొందరికి చివరికి ఆపరేషన్ తప్పలేదనుకోండి. అదే దేశంలో 613 మందిపై చేసి 2022లో ప్రచురించిన మరో అధ్యయనంలో, కాలినొప్పి తగ్గించడంలో ఎండోస్కోపీ మామూలు ఆపరేషన్‌కు తీసిపోలేదని తేలింది.

కాలినొప్పి లేకుండా ఉత్త నడుంనొప్పే ఉంటే దీనివల్ల ఒరిగేది తక్కువ. కొందరిలో గుజ్జు మళ్లీ అక్కడే బయటికి రావచ్చు కూడా. చేయి తిరగడానికి సమయం పట్టే పని కాబట్టి, ఇలాంటివి ఎన్ని చేశారని డాక్టరును అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఆగి చూసే రోజుల్లో వారాల తరబడి మంచానికి అతుక్కుపోకూడదు. ఓర్చుకోగలిగినంత నడవాలి.

మూత్రం ఆగిపోయినా, మల మూత్రాలపై అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా ఆగి చూడటమన్న మాటే లేదు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా ఆలస్యం చేయకూడదు.