ఐ7 అంటే ఏ ఐ7?

ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గర పడిందంటే చాలు, మా ఘనపూర్ జూనియర్ల నుంచి నాకు వచ్చే మెసేజ్‌లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. "అన్నా, ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ అన్నీ కలిపి ఇరవై వేలకే ఇస్తమంటున్నరు. తీసుకోవచ్చా?" కింద ఒక ఫొటో. అద్దం క్యాబినెట్, లోపల రంగురంగులుగా వెలిగే ఫ్యాన్లు.

నేను తిరిగి అడిగేది ఒక్కటే. ఐ7 సరే, ఏ ఐ7? ఎన్నో జనరేషన్?

ఇంటెల్ ఈ ఐ7 అనే పేరును 2008 నుంచి వాడుతోంది. ఇంత తక్కువ ధరలో వచ్చే సిస్టంలలో నేను ఎక్కువగా చూసింది రెండో తరమో, మూడో తరమో. మూడో తరం ఐ7-3770 మార్కెట్లోకి వచ్చింది 2012లో. దానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100కి కూడా సరిగ్గా అన్నే కోర్లు, అన్నే థ్రెడ్లు. కానీ పనిలో పెడితే ఈ 'చిన్న' ఐ3 ఆ 'పెద్ద' ఐ7ను చాలా దూరం వెనక్కి నెట్టేస్తుంది. పదేళ్ల తేడా అది. పైగా పాతదానికి డీడీఆర్3 ర్యామ్ కావాలి, దాన్ని రేపు కొత్త బోర్డులోకి మార్చుకోలేం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ గానీ, ఆ పైది గానీ ఉండాలి. అంటే ఆ ఇరవై వేల సిస్టం ఇంటికొచ్చిన రోజే దాని దారి మూసుకుపోయినట్టు. ఇక ఆ లిస్టులో 'గ్రాఫిక్స్ కార్డు' అని రాసేది చాలాసార్లు 2014 నాటి జీటీ 730. ఇప్పటి రైజెన్ 5 5600జీ లోపలే వచ్చే గ్రాఫిక్స్ దానికన్నా నయం.

ఇరవై వేలంటే మన దగ్గర చిన్న మాట కాదు. పత్తి అమ్మిన డబ్బుల్లోంచి, లేదా అమ్మ సంఘంలో తీసిన లోన్లోంచి వస్తుంది. అందుకే ఈ విషయంలో నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. మొదటి డెస్క్‌టాప్ అన్ని హంగులతో 'ఫుల్ సెట్' అయి ఉండాలన్న ఆలోచనే తప్పు. తర్వాత మార్చడం కష్టమైనవి ఇప్పుడు మంచివి కొనాలి. తర్వాత కలుపుకోగలిగినవి ఇప్పుడు వదిలేయాలి. దుకాణం వాళ్ల లిస్టు దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. కళ్లకు కనిపించేవి బాగుంటాయి, కనిపించనివి నాసిగా ఉంటాయి.

అసలు డెస్క్‌టాప్ ఎందుకు, లాప్‌టాప్ కొనొచ్చు కదా అంటారా? హాస్టల్లో ఉండేవాళ్లయితే లాప్‌టాపే కొనుక్కోండి, ఈ వ్యాసం మీకు కాదు. ఇంటి దగ్గర ఉండి రోజూ కాజీపేటకో, జనగామకో వెళ్లొచ్చేవాళ్లకు, డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ప్రిపేర్ అవుతున్నవాళ్లకు డెస్క్‌టాప్ మేలు. అదే డబ్బుకు పెద్ద స్క్రీన్, మంచి కీబోర్డు వస్తాయి. ఒక పార్టు పోతే అదొక్కటే మార్చుకోవచ్చు.

ముందుగా తేల్చుకోవాల్సింది ప్రాసెసర్, బోర్డు జత. కోడింగ్ నేర్చుకునేవాళ్లకు ఐ3-12100 గానీ, ఆరు కోర్ల రైజెన్ 5 5600జీ గానీ సరిపోతుంది. ఇక్కడ ఒక్క అక్షరం దగ్గర చాలామంది బోల్తా పడుతున్నారు. 12100 పక్కన 'ఎఫ్' ఉంటే అది కొంచెం చవక, కానీ లోపల గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు పెడితే తప్ప మానిటర్ మీద బొమ్మే రాదు. రైజెన్ 5 5500 కూడా అంతే. తక్కువకు వచ్చిందని తెచ్చుకుని, తర్వాత కార్డు కోసం మళ్లీ డబ్బు వెతుక్కునే పరిస్థితి అన్నమాట. ప్రాసెసర్ సీల్డ్ బాక్సులో తీసుకుంటే కంపెనీ వారంటీ మూడేళ్లు ఉంటుంది. విడిగా ట్రేలో వచ్చేదానికి ఆ వారంటీ ఉండదు, దుకాణదారు మాటే వారంటీ.

ర్యామ్ సంగతి వేరే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఊడ్చుకుపోతుంటే మనలాంటి చిల్లర కొనుగోలుదారులు వరుసలో చివరికి వెళ్లారు. మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో తన క్రూషల్ బ్రాండ్ రిటైల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో కట్టే డేటా సెంటర్ దెబ్బ స్టేషన్ ఘనపూర్‌లో ర్యామ్ కొనే కుర్రాడి జేబు మీద పడుతోంది. అందుకే ఇక్కడ ధరలు రాయడం లేదు, పేపర్ మీ చేతికి వచ్చేలోపే మారిపోవచ్చు. వీలైతే 16 జీబీ ఒకే స్టిక్‌గా తీసుకుని రెండో స్లాట్ ఖాళీగా ఉంచుకోండి. రెండు 8లు వేస్తే గ్రాఫిక్స్ వేగం పెరుగుతుంది, నిజమే. కానీ చవక బోర్డుల్లో ఉండేవి రెండే స్లాట్లు, రెండూ నిండిపోతాయి. గేములు ప్రధానం కానప్పుడు ఖాళీ స్లాటే విలువైనది. 16కు డబ్బు చాలకపోతే 8తో మొదలుపెట్టండి. జావా, పైథాన్, మైఎస్‌క్యూఎల్, ఎక్సెల్ నడుస్తాయి. ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్‌తో మాత్రం అవస్థ పడతారు. హార్డ్ డిస్క్ మాట ఎత్తకండి, చిన్నదైనా ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీయే తీసుకోండి.

గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు వద్దు. "అన్నా, మెషీన్ లెర్నింగ్ నేర్చుకోవాలి కదా" అంటారు. గూగుల్ కొలాబ్‌లో జీపీయూ ఉచితంగా దొరుకుతుంది, పరిమితులున్నా నేర్చుకునే దశకు అది చాలు. మెకానికల్, సివిల్ వాళ్లు సాలిడ్‌వర్క్స్, రెవిట్ మీద నిజంగా పని చేస్తామంటే వాళ్ల లెక్క వేరు. మిగతావాళ్లు ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో కొనుక్కోండి, స్లాట్ ఎక్కడికీ పోదు.

మిగిలిన ఆ డబ్బు ఎక్కడ పెట్టాలి? ఎవరూ ఫొటో తీసి స్టేటస్ పెట్టుకోని చోట. ఎస్‌ఎంపీఎస్‌లో.

క్యాబినెట్‌తో పాటు 'ఫ్రీ'గా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు, 500 వాట్లు అని స్టిక్కర్ ఉంటుంది. స్టిక్కర్ బరువు తప్ప లోపల ఏమీ ఉండదు. చేత్తో ఎత్తి చూస్తేనే తెలిసిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని మన సిస్టం గట్టిగా పనిచేసినా 150 వాట్లకు అటూఇటుగానే లాగుతుంది. కాబట్టి పెద్ద అంకె అక్కర్లేదు. 80 ప్లస్ సర్టిఫికేట్, కనీసం మూడేళ్ల వారంటీ ఉన్న 450 వాట్లది సరిపోతుంది. నాసిరకంది పోయేటప్పుడు ఒంటరిగా పోదు, బోర్డునో ఎస్‌ఎస్‌డీనో వెంట తీసుకుపోతుంది.

మన ఊళ్ల కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. గాలిదుమారం వచ్చినా, మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయినా లైట్లు ఎలా ఊగుతాయో చూసే ఉంటారు. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, డెస్క్‌టాప్‌కు ఉండదు. ఇంటి నుంచి రాసే కంపెనీ ఆన్‌లైన్ టెస్టు మధ్యలో సిస్టం ఆగిపోతే మళ్లీ అవకాశం ఇస్తారన్న నమ్మకం లేదు. అందుకే 600 వీఏ యూపీఎస్‌ను నేను యాక్సెసరీగా చూడను, సిస్టంలో భాగమే అంటాను. ఇంట్లో ఇప్పటికే ఇన్వర్టర్ ఉంటే దాని మీద 'యూపీఎస్ మోడ్' స్విచ్ ఉందేమో చూడండి, చాలావాటికి ఉంటుంది. ఆ మోడ్‌లో కరెంటు పోయినా సిస్టం రీస్టార్ట్ కాకుండా నిలబడే అవకాశం ఎక్కువ. ఇంకో మాట, క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జుమ్మంటున్నాయంటే చాలాసార్లు తప్పు కంప్యూటర్‌ది కాదు, ప్లగ్గులో ఎర్తింగ్ లేదు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

బోర్డులో వైఫై ఉండకపోవచ్చు. కంగారేం లేదు, ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెడితే నెట్ వస్తుంది. వెబ్‌క్యామ్, మైక్ మాత్రం బడ్జెట్లో ముందే రాసుకోండి. కెమెరా ముందు కూర్చుని రాసే పరీక్షలకు అవి లేకుండా లాగిన్ కూడా కానివ్వరు.

ఇంత పెట్టలేం అనేవాళ్లుంటారు. వాళ్లు 'కొత్త' ఐ7 డబ్బా బదులు, ఆఫీసుల నుంచి తిరిగొచ్చిన బ్రాండెడ్ రిఫర్బిష్డ్ డెస్క్‌టాప్ చూడొచ్చు. ఎనిమిదో తరానికి తగ్గకూడదు. 2018 నాటి ఐ5-8500కి ఆరు కోర్లుంటాయి, విండోస్ 11 అధికారికంగానే నడుస్తుంది. ఒక చిక్కేమిటంటే వాటిలో చాలావాటి ఎస్‌ఎంపీఎస్, బోర్డు ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి, బయటివి పట్టవు. అది తెలిసి కొంటే మోసం లేదు.

ఎక్కడ కొనాలి? ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ లాంటి చిన్నవి ఆన్‌లైన్‌లో అయినా ఫర్వాలేదు. (పిన్‌కోడ్ సరిగ్గా వేయండి బాబూ. మనకు స్టేషన్ ఘనపూర్ ఉంది, కోటగుళ్లున్న ములుగు ఘనపూర్ కూడా ఉంది.) మానిటర్, యూపీఎస్, క్యాబినెట్ లాంటి బరువైనవి, తేడా వస్తే తిరిగి మోసుకెళ్లాల్సినవి హన్మకొండలో కొనండి. అన్నీ ఒకేచోట బేరమాడి తీసుకుందామనుకుంటే పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లండి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో ఒక పూటలో పది దుకాణాలు తిరగొచ్చు. మొదటి దుకాణంలోనే కొనకండి. కాగితం మీద పార్టుల మోడల్ నంబర్లతో సహా రాయించుకుని రెండో, మూడో దుకాణానికి వెళ్లండి. 'గిగాబైట్ బోర్డు' అని రాస్తే ఒప్పుకోవద్దు, ఏ మోడలో రాయమనండి.

పార్టులు అక్కడే బిగించి, బోర్డు బయాస్ అప్‌డేట్ చేసి, తెర మీద డిస్‌ప్లే వచ్చేదాకా కౌంటర్ వదలకండి. పాత స్టాకు బోర్డు అయితే బయాస్ అప్‌డేట్ లేకుండా కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టకపోవచ్చు. ఆ సంగతి ఘనపూర్‌లో దిగాక తెలిస్తే మళ్లీ రైలెక్కాల్సిందే. బిల్లు దగ్గర ఇంకో మాట వినపడుతుంది, "బిల్లు లేకుండా తీసుకుంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుంది తమ్ముడూ" అని. మిగిలేది మీకు కాదు. బోర్డు ఏడాదిన్నరకు పోయి సర్వీస్ సెంటర్‌కు వెళ్తే అక్కడ అడగొచ్చు ఆ బిల్లునే. ప్రతి పార్టు సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకుని, ఫొటో తీసి, రైల్లో కూర్చున్నాక మీ మెయిల్‌కు మీరే పంపుకోండి.