కార్యాలయం తప్పుకు పింఛనులో కోత

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి రిటైరయ్యాక చనిపోతే, భార్యకు వచ్చే కుటుంబ పింఛను మొదట కొన్నేళ్లు ఎక్కువ రేటులో ఉంటుంది. ఏడేళ్లు గడిచేదాకా, లేదా ఆయన బతికి ఉంటే 67 ఏళ్లు నిండే తేదీ దాకా, ఏది ముందైతే అప్పటివరకు ఆ రేటు నడుస్తుంది. తర్వాత అది ఆఖరి మూలవేతనంలో 30 శాతానికి దిగుతుంది. ఏ రోజు దించాలో పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీవో)లోనే రాసి ఉంటుంది. దించవలసింది పింఛను చెల్లించే బ్యాంకు. కానీ కొన్నిసార్లు ఆ తేదీని బ్యాంకు చూసుకోదు. కరవు సహాయం (డీఆర్) పెరిగినప్పుడల్లా ఆ తప్పు కూడా పెరుగుతూ పోతుంది. ఏళ్ల తర్వాత ఏ ఆడిట్‌లోనో విషయం బయటపడితే, లక్షలు ఎక్కువ తీసుకున్నారు, తిరిగి కట్టండి అంటూ ఆమెకు నోటీసు వస్తుంది. కమ్యుటేషన్ కింద కొంత పింఛనును ముందే ఒకేసారి తీసుకున్నవారికి నెలనెలా చేయాల్సిన కోతను మరిచిపోవడం, వేతన స్థిరీకరణలో ఒక ఇంక్రిమెంటు అదనంగా కలపడం కూడా ఇలాంటివే. వీటిలో దేనిలోనూ పుచ్చుకున్నవారు చేసిన తప్పు లేదు. వాళ్లు ఏమీ దాచలేదు, ఎవరికీ అబద్ధం చెప్పలేదు. లెక్క వేసింది, సంతకం పెట్టింది, చెల్లించింది అంతా ప్రభుత్వమో, దాని తరఫున పనిచేసే బ్యాంకో.

అలాంటప్పుడు తప్పు తెలిసిన రోజు నుంచి పింఛనును సరైన మొత్తానికి దించడం న్యాయమే. అంతకు ముందు ఇచ్చేసి, ఖర్చయిపోయిన సొమ్మును వృద్ధాప్యంలో వెనక్కి లాగడం మాత్రం అన్యాయం. సుప్రీంకోర్టు 2014 డిసెంబరులో రఫీక్ మసీహ్ కేసులో దాదాపు ఇదే చెప్పింది. మూడు, నాలుగు తరగతుల ఉద్యోగుల నుంచి, రిటైరైనవారి నుంచి, ఏడాదిలోపు రిటైరవబోయేవారి నుంచి అలాంటి వసూలు కూడదంది. అదనపు చెల్లింపు అయిదేళ్లకు మించి సాగినా, పై స్థాయి పని తప్పుగా అప్పగించి దానికి తగ్గ జీతం ఇచ్చినా వసూలు చేయరాదంది. వసూలు వల్ల యజమానికి ఒరిగే దానికంటే ఉద్యోగికి జరిగే అన్యాయమే ఎక్కువైతే అక్కడా ఆగాలంది. 2022లో కేరళకు చెందిన ఒక రిటైర్డు ఉపాధ్యాయుడి కేసులోనూ, ఉద్యోగి మోసం గానీ తప్పుడు సమాచారం గానీ లేనప్పుడు వసూలు చెల్లదని అదే కోర్టు తేల్చింది. కేంద్ర సిబ్బంది శాఖ 2016 మార్చిలోనే 2014 తీర్పును పాటించాలని అన్ని శాఖలకూ ఉత్తర్వులిచ్చింది. అయితే మాఫీకి ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం అనుమతి ఉండాలని ఒక మెలిక పెట్టింది. వద్దని కోర్టు చెప్పిన వసూలును ఆపడానికి మళ్లీ పైవారి అనుమతి ఎందుకో నాకు బోధపడదు. ఆ అనుమతి కోసం ఫైలు పంపే శ్రమకంటే, నోటీసు పంపి పింఛనులో కోయడమే కింది కార్యాలయానికి తేలిక.

ఇది ప్రజాధనం కదా, ఎవరి జేబులోకో పొరపాటున పోతే వదిలేస్తామా అన్నది తీసిపారేయదగ్గ అభ్యంతరం కాదు. 2012లో చండీప్రసాద్ ఉనియాల్ కేసులో సుప్రీంకోర్టే ఆ మాట అంది. పన్ను కట్టేవారి సొమ్ము ఇచ్చిన అధికారిదీ కాదు, పుచ్చుకున్నవారిదీ కాదు కాబట్టి సాధారణంగా తిరిగి రాబట్టవచ్చని చెప్పింది. అయితే తీవ్రమైన కష్టం కలిగే సందర్భాలను అదే తీర్పు మినహాయించింది. వచ్చిన పింఛనును నెలనెలా మందులకూ బియ్యానికీ ఖర్చుపెట్టుకున్న మనిషి నుంచి లక్షలు రాబట్టడం తీవ్రమైన కష్టం కాకపోతే మరేది? ప్రజాధనం మీద నిజంగా అంత శ్రద్ధ ఉంటే మొదట పట్టుకోవాల్సింది పింఛను దించాల్సిన తేదీని చూడనివారిని. పింఛనుదారు నుంచి మొత్తం రాబట్టుకోగలిగితే ఏ కార్యాలయమూ తన లెక్కలు సరిచూసుకోదు. తప్పు ఖరీదును వేరొకరు కడుతున్నంతకాలం ఆ తప్పు మళ్లీ జరుగుతూనే ఉంటుంది.

రెండో అభ్యంతరం హామీపత్రం గురించి. అదనంగా వస్తే తిరిగి ఇస్తానని సంతకం పెట్టినవారు మాటకు కట్టుబడాలని 2016లో జగదేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. అప్పటినుంచి బ్యాంకులకు అదే ఆయుధం. కానీ ఆ కేసులో సంతకం పెట్టింది ఒక న్యాయాధికారి, తన వేతన సవరణ సమయంలో. పింఛనుదారుకైతే, పింఛను మొదలయ్యేటప్పుడు సంతకం పెట్టాల్సిన కాగితాల కట్టలో ఆ పత్రం ఒకటి. దాన్ని కాదంటే పింఛనే మొదలవదు. భర్త పోయిన నెలలో, చూపించిన చోటల్లా సంతకం పెట్టిన స్త్రీకి, చట్టం తెలిసిన న్యాయాధికారికి ఒకే కొలత వాడకూడదు. పైగా తన తప్పువల్ల అదనంగా పోయిన సొమ్మును బ్యాంకే ప్రభుత్వానికి వెంటనే ఒకే మొత్తంగా జమచేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అప్పుడు ఖజానాకు జరిగే నష్టం లేదు. పింఛనుదారును పిండేది బ్యాంకు తన నష్టం పూడ్చుకోవడానికే. 1871 నాటి పింఛన్ల చట్టం 11వ సెక్షన్ ప్రకారం అప్పులవాళ్లెవరూ ప్రభుత్వ పింఛనును జప్తు చేయించలేరు. బయటివారికి లేని చనువు ఖాతా ఉన్న బ్యాంకుకు ఎందుకుండాలి?

మోసం సంగతి వేరు. తండ్రి మరణాన్ని దాచి పింఛను తీసుకుంటున్న కొడుకునూ, దొంగ సదరం (వైకల్య) సర్టిఫికెట్ సంపాదించినవారినీ నేను సమర్థించడం లేదు. వారినుంచి ప్రతి రూపాయీ రాబట్టాలి. ఆ సర్టిఫికెట్ రాసిచ్చిన వైద్యుణ్నీ వదలకూడదు.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది రిటైర్డు ఉద్యోగుల పరిస్థితి కాదు. వాళ్లకు సంఘాలున్నాయి, కోర్టు తీర్పులున్నాయి. తెలంగాణలో ఆసరా, ఆంధ్రప్రదేశ్‌లో భరోసా అనే సామాజిక పింఛన్లతో బతికేవారికి అవేవీ లేవు. 2024లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక వృద్ధురాలికి 1.72 లక్షలు తిరిగి కట్టమని నోటీసు వెళ్లింది. చనిపోయిన కూతురి తాలూకు కుటుంబ పింఛను తీసుకుంటూ ఆసరా కూడా పొందారన్నది ఆరోపణ. ఆసరా వృద్ధాప్య పింఛను అప్పటికి నెలకు 2,016 రూపాయలు. అంటే అడిగింది సుమారు ఏడేళ్ల పింఛను. నిబంధన ప్రకారం రెండూ తీసుకోకూడదన్నది నిజమే. కానీ రెండూ ఇచ్చింది ప్రభుత్వమే. పేర్లూ ఆధార్ నంబర్లూ దాని దగ్గరే ఉన్నాయి. ఒక శాఖ జాబితాను మరో శాఖ జాబితాతో పోల్చి చూడాల్సిన పని ఆ వృద్ధురాలిది కాదు. నెలకు లక్ష జీతం తీసుకుని రిటైరైన ఉద్యోగికి దక్కే రక్షణ, రెండు వేలతో నెల గడిపేవారికి దక్కకపోవడం న్యాయం కాదు.

జాబితాలను పోల్చడం ఇప్పుడు కంప్యూటరుకు క్షణాల పని కాబట్టి ఇలాంటి నోటీసులు పెరిగే అవకాశమే ఎక్కువ. ఆస్ట్రేలియా ఈ దారిలో వెళ్లి దెబ్బతింది. ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాలకు సమానంగా పంచి, దాని ఆధారంగా సంక్షేమ సాయం పొందేవారిపై లక్షల బాకీలు మోపింది. అది చట్టవిరుద్ధమని 2019లో కోర్టులో ఒప్పుకోవాల్సి వచ్చింది. దానిపై వేసిన రాయల్ కమిషన్ 2023లో ఆ వసూలు పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఒక జీవో ఇస్తే చాలు. మోసం రుజువైతే తప్ప సామాజిక పింఛన్లలో గతానికి వసూలు ఉండదని, పింఛను ఆపేముందు మనిషిని పిలిచి వింటామని, తప్పు ఏ స్థాయిలో జరిగిందో నమోదు చేస్తామని అందులో రాయాలి. అది వచ్చేలోగా నోటీసు అందుకున్నవారు కంగారుపడి ఏ అంగీకారపత్రం మీదా సంతకం పెట్టవద్దు. ఏ నెల నుంచి, ఏ నిబంధన కింద, ఎంత అదనంగా ఇచ్చారో నెలవారీ లెక్క రాతపూర్వకంగా అడగండి. ఆ అర్జీ నకలు మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకుని దగ్గర ఉంచుకోండి.