గీత మీద నడక.. వీసాకు చిక్కు

శనివారం రాత్రి. ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీ. రెండు బీర్లు తాగి, భోంచేసి, కాసేపు కూర్చుని 'ఇంకేం పర్లేదులే' అని కారు తీస్తాం. హైవే ఎక్కకముందే వెనకాల ఎరుపు, నీలం లైట్లు. పోలీసాయన అద్దం దించమంటాడు. ఎంత తాగారని అడుగుతాడు. నిజం చెబితే వదిలేస్తాడని 'రెండు బీర్లు' అంటాం. 'కిందికి దిగండి, ఈ గీత మీద నడవండి' అంటాడు. అమెరికాలో నలుగురు తెలుగువాళ్లు కలిసిన చోట ఇలాంటి కథ ఒకటైనా వినిపిస్తుంది.

హైదరాబాద్‌లో డ్రంకెన్ డ్రైవ్ తనిఖీ అంటే మనకు తెలిసింది ఒకటే. మిషన్‌లోకి ఊదమంటారు, అంకె వస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. ఇక్కడ ఆ హద్దు 80 మిల్లీగ్రాములు, అంటే 0.08 శాతం. యూటాలో మాత్రం 2018 డిసెంబరు చివరి నుంచి 0.05. హద్దు పెద్దదే కదా అని మనవాళ్లు ధీమాగా ఉంటారు. అయితే ఇక్కడ సాధారణంగా అంకె కంటే ముందు వచ్చేది పోలీసాయన కంటిచూపు. ఆయనకు అనుమానం గట్టిపడితే చేతులకు బేడీలు పడ్డాకే అసలు మిషన్ దగ్గరికి తీసుకెళతారు.

రోడ్డు పక్కన చేయించే పరీక్షలు మూడు. మొదటిది కంటి పరీక్ష. పెన్నో వేలో పక్కకు కదుపుతుంటే తల తిప్పకుండా చూపుతోనే దాన్ని అనుసరించాలి. కనుపాప సన్నగా అదురుతోందా అని చూస్తారు. రెండోది మడమకు బొటనవేలు ఆనిస్తూ తొమ్మిది అడుగులు వేసి, చెప్పినట్టే తిరిగి, మళ్లీ తొమ్మిది అడుగులు వెనక్కి రావడం. మూడోది ఒక కాలు ఆరంగుళాలు పైకెత్తి, ఆపమనేదాకా పైకి లెక్కపెడుతూ ముప్ఫై సెకన్లు నిలబడటం. నడకలో ఎనిమిది రకాల తప్పులు రాసిపెట్టుకున్నారు. వాటిలో రెండు కనిపిస్తే చాలు, ఫెయిల్.

ఆ ఎనిమిదిలో ఒకటి, చెప్పడం పూర్తికాకముందే మొదలుపెట్టడం. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే 'యస్ యస్' అని తలూపి పనిలోకి దిగిపోవడం మన అలవాటు. అదిక్కడ తాగిన లక్షణం! ఆయన చెబుతున్నంతసేపూ కాలి ముందు కాలు పెట్టి కదలకుండా నిలబడాలి. కదిలితే ఇంకో తప్పు. ఆ రెండూ కలిస్తే ఒక్క అడుగు వేయకముందే ఫెయిల్ అయిపోయినట్టే. పక్కన లారీలు దూసుకుపోతుంటాయి, కళ్లలోకి టార్చి లైటు, చలి, భయం. వేగంగా సాగే అమెరికన్ యాసలో వరసగా సూచనలు. ఏ మందూ తాగని మనిషికైనా ఇది తేలిక కాదు.

అసలు ఈ పరీక్షలకున్న శాస్త్రీయ బలం ఎంత? 1970లలో అమెరికా రహదారి భద్రతా సంస్థ (నిట్సా) డబ్బిచ్చి దక్షిణ కాలిఫోర్నియా పరిశోధకులతో వీటిని తయారు చేయించింది. అప్పటి హద్దు 0.10. 1977 అధ్యయనంలో పోలీసులు 'అరెస్టు చేస్తాం' అన్నవాళ్లలో 47 శాతం మంది ఆ హద్దుకు లోపలే ఉన్నారు. 1981లో పద్ధతులు సరిచేశాక కంటి పరీక్ష 77 శాతం, నడక 68, ఒంటికాలు 65 శాతం సరిగ్గా పట్టాయన్నారు. ఒంటికాలి పరీక్షలో ముగ్గురిలో ఒకరి విషయంలో లెక్క తప్పిందన్నమాట.

కోర్టుల్లో ప్రాసిక్యూషన్ ఎక్కువగా చెప్పేది 1998లో శాన్‌డియాగోలో జరిగిన అధ్యయనం. 91 శాతం కచ్చితం అంటారు. ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి. మొత్తం 297 మందిని పరీక్షిస్తే అందులో 214 మంది నిజంగానే 0.08కి చేరినవాళ్లు, లేదా దాటినవాళ్లు. వాళ్లలో నలుగురు తప్ప అందరూ దొరికిపోయారు. అక్కడ పరీక్ష బాగానే పనిచేసింది. హద్దులోపల ఉన్నవాళ్లు 83 మంది. వాళ్లలో 24 మందిని పోలీసులు హద్దు దాటినట్టే లెక్కేశారు. వందకు దాదాపు 29 మంది. ఆపినవాళ్లలో తాగినవాళ్లే ఎక్కువ ఉంటే మొత్తం మార్కులు బాగానే కనిపిస్తాయి. కొద్దిగా తాగి హద్దులోపల ఉన్న మనిషికి మాత్రం ఆ 91తో పనిలేదు. అతని లెక్క 83లో 24.

క్లెమ్సన్ యూనివర్సిటీ వాళ్లు 1994లో ఇంకో పని చేశారు. చుక్క కూడా తాగని 21 మందితో ఈ విన్యాసాలు చేయించి, వీడియోలు 14 మంది పోలీసులకు చూపించారు. పోలీసులిచ్చిన తీర్పుల్లో 46 శాతం 'ఎక్కువగా తాగారు' అనే!

నిట్సా మాన్యువల్‌లోనే జాగ్రత్తలున్నాయి. 65 ఏళ్లు దాటినవాళ్లకు, నడుము, కాళ్లు, లోపలి చెవి సమస్యలున్నవాళ్లకు నడక, ఒంటికాలు కష్టమని రాసి ఉంది. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు కారు నడిపే ఇళ్లవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. కోర్టులూ కొంత మేలుకున్నాయి. కంటి పరీక్ష మద్యం తాగినట్టు చూపగలదే తప్ప మత్తులో ఉన్నట్టు రుజువు చేయదని ఇల్లినాయ్ సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. గంజాయి కేసుల్లో ఈ పరీక్షలను శాస్త్రీయ రుజువుగా చూపకూడదని మసాచుసెట్స్ అత్యున్నత కోర్టు 2017లో తీర్పిచ్చింది. మిషన్లూ తప్పులు లేనివేం కాదు. మిషన్లను సరిచూసే పద్ధతిలో లోపం బయటపడి, న్యూజెర్సీలో 20 వేలకు పైగా కేసుల రీడింగులు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

పోలీసులను తిట్టడం మా ఉద్దేశం కాదు. తాగి నడిపినవాళ్ల ప్రమాదాల్లో ఈ దేశంలో 2022 ఒక్క ఏడాదే 13,524 మంది చనిపోయారు. రోడ్డు మీద ఆపి చూడాల్సిందే. మాకున్న అభ్యంతరం వేరు. అనుమానానికి పనికొచ్చే సాధనాన్ని తీర్పులా వాడటం.

అందులోనూ మనకు తేడా ఉంది. అమెరికా పౌరుడైతే కోర్టులో గెలిచి ఇంటికెళ్తాడు. మనకు అరెస్టే చాలు. 2015 నవంబరు నుంచి విదేశాంగ శాఖ విధానం ప్రకారం, గత ఐదేళ్లలో డీయూఐ కింద అరెస్టయితే కాన్సులేట్లు వీసా రద్దు చేయొచ్చు, శిక్ష పడనక్కర్లేదు. ఈమెయిల్ వస్తుంది. వీసా పోయినంత మాత్రాన హెచ్1బి హోదా అప్పటికప్పుడు పోదు, ఉద్యోగం సాగుతుంది. కానీ ఇండియా వెళ్తే కొత్త వీసా లేకుండా తిరిగి రాలేరు. కొత్త దానికి వెళ్తే కాన్సులేట్ చెప్పిన డాక్టరు దగ్గర తాగుడు అలవాటుందా లేదా అనే పరీక్ష. అవి తెమిలేసరికి ఎన్ని వారాలో, కంపెనీ ఆగుతుందో లేదో. ఇంటి అప్పు, పిల్లల బడి ఇక్కడే ఉంటాయి.

కారు నడపాల్సి ఉంటే గ్లాసు ముట్టకపోవడం మేలని వేరే చెప్పక్కర్లేదు. 0.08 లోపలున్నా కేసు పెట్టొచ్చు. ఒకవేళ ఆపితే, చాలా రాష్ట్రాల్లో ఈ నడక, ఒంటికాలు పరీక్షలు తప్పనిసరి కావు. మర్యాదగా 'చేయదలుచుకోలేదు' అనొచ్చు. కొన్నిచోట్ల ఆ మాటను కోర్టులో మీకు వ్యతిరేకంగా చెప్పొచ్చు, అరెస్టూ చేయొచ్చు. అరెస్టయ్యాక స్టేషన్‌లో ఊదమంటే మాత్రం లెక్క వేరు. అక్కడ కాదంటే లైసెన్స్ సస్పెండ్ చేస్తారు. మోకాలి నొప్పో, నడుం నొప్పో ఉంటే ముందే చెప్పండి. ఇంగ్లిష్ అర్థం కాకపోతే అర్థం కాలేదనండి, సిగ్గుపడొద్దు. పోలీసు కారు కెమెరా వీడియో కోసం లాయరుతో వెంటనే అడిగించండి. కేసు కొట్టేసే లాయరు ఒకరు, ఇమిగ్రేషన్ లాయరు ఒకరు, ఇద్దరితోనూ మాట్లాడాకే ఏ ఒప్పుకోలు కాగితం మీదైనా సంతకం.

కేసు కొట్టేసినా వీసా ఫారంలో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. జవాబు 'అవును' అనే రాయాలి. దాచితే అది ఇంకో నేరం. కోర్టు ముద్ర వేసిన కాగితాలు రెండు సెట్లు తీసుకుని, ఒకటి పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోండి.