పట్టుకీ జుట్టుకీ ఒకటే షాంపూ

ఫ్రెండ్ పెళ్లికని అమ్మ బీరువాలోంచి పట్టుచీర అడిగి తెచ్చుకున్నారు. ఫొటోలు అదిరిపోయాయి. ఇంటికొచ్చి చూసుకుంటే కుచ్చిళ్ల మీద సాంబారు మరక! అమ్మ చూసేలోపు ఉతికేద్దామని వాషింగ్ మెషిన్ మూత తీస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

పట్టు అంటే పురుగు తన చుట్టూ అల్లుకున్న గూటి దారం. మన జుట్టులాగే అదీ ప్రొటీనే. చాలా డిటర్జెంట్లలో గుడ్డు, పాలు, రక్తం మరకలు వదలడానికి ఎంజైములు కలుపుతారు. ప్రొటీన్‌ని ముక్కలు చేయడమే వాటి పని. అది మరకా, అమ్మ చీరా అన్న తేడా వాటికి తెలీదు. పైగా బట్టల పౌడర్‌లో, బట్టల సబ్బులో క్షారం ఉంటుంది. నమ్మకం లేకపోతే పాత గుడ్డ మీద పసుపు పూసి సబ్బు రుద్దండి, ఎర్రగా మారిపోతుంది. పట్టు మెరుపుని చంపేది ఆ క్షారమే.

అందుకే లెక్క సింపుల్. తలకి పెట్టుకోలేనిది పట్టుకీ పెట్టొద్దు. బకెట్ చల్లటి నీళ్లలో ఒక చెంచా పిల్లల షాంపూ చాలు. కుంకుడు రసమైతే ఇంకా మంచిది. అమ్మమ్మలు తలకీ, పట్టుచీరకీ అదే వాడేవాళ్లు కదా!

ముందు ఓ తెల్లటి తడిగుడ్డని చీర లోపలి అంచుకి గట్టిగా అద్ది చూడండి. రంగు అంటితే ఇంట్లో ఉతకొద్దు. బరువైన జరీ ఉన్న కంచిపట్టుకైతే నా ఓటు డ్రై క్లీనింగ్‌కే, అక్కడ డబ్బులు చూసుకోకండి. మిగతావి మూడు నాలుగు నిమిషాలు నీళ్లలో మెల్లగా ఆడించి, జాడించి తీసేయండి. రుద్దొద్దు, పిండొద్దు. తడిసిన పట్టు దారానికి బలం తగ్గుతుంది. పెద్ద టవల్ పరిచి, చీరని దానిలో చాపలా చుట్టి అదిమితే నీళ్లన్నీ టవలే పీల్చేస్తుంది. తర్వాత నీడలో ఆరేయండి.

అసలు ప్రమాదం ఇస్త్రీ దగ్గరుంది. ఇస్త్రీ పెట్టె మీద చుక్కలు చూశారా? ఒక చుక్క అంటే సుమారు 110 డిగ్రీలు, రెండంటే 150, మూడంటే 200. నైలాన్‌కి ఒకటి, పట్టుకి ఎక్కువలో ఎక్కువ రెండు, కాటన్‌కి మూడు. మరి గద్వాల చీర సంగతి? ఒళ్లంతా కాటన్, అంచూ కొంగూ పట్టు. ఒకే వేడితో మొత్తం లాగించేస్తే అంచు బలి. ముందు తక్కువ వేడిలో పట్టు భాగం పూర్తి చేసి, తర్వాత వేడి పెంచి కాటన్‌కి వెళ్లండి. ఈ రోజుల్లో చాలా చీరల్లో జరీ అంటే ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత. వేడెక్కువైతే ముడుచుకుపోతుంది. చీర తిరగేసి, పైన పల్చటి కాటన్ గుడ్డ వేసి చేస్తే భయం లేదు. ముడత పోవట్లేదని నీళ్లు మాత్రం చల్లకండి, పట్టు మీద ఆ చుక్కలు మరకల్లా మిగిలిపోతాయి.

ఇంత చేసినా సాంబారు పసుపు కాస్త మిగిలిందా? ఈసారి ఆ భాగం లోపలికి వచ్చేలా కుచ్చిళ్లు పెట్టుకోండి. అమ్మ చీరని జాగ్రత్తగా చూడండి, అలా దాచిన పాత మరక ఒకటి కనిపించినా కనిపించొచ్చు.