కరెంటు లేని వేళ కేబులు అతుకు

మెట్టలో ఆయిల్‌పామ్ తోటలకు బోరు మోటార్లు, కాలువ నీరు అందని శివారు చేలకు ఫిల్టరు పాయింట్లు, భీమవరం, ఉండి ప్రాంతములలో రొయ్యల చెరువులకు ఏరేటర్లు: ఇవన్నియు కేబుళ్లమీదనే నడచుచున్నవి. ఎలుక కొరికినను, పార తగిలినను కేబులు తెగును. తెగినచోట తీగలు మెలిపెట్టి, నల్లటేపు చుట్టి, పని అయినదనుకొనుట మన గ్రామములలో పరిపాటి. పొడిగోడమీద ఆ టేపు నిలుచును గాని తడిగట్టుమీద నిలువదు. జిగురు వదలి నీరు లోనికి చేరును. అప్పుడు మోటారు కాలుట ఒక నష్టము. గట్టుమీద నడచు మనిషికో పశువుకో షాక్ తగులుట మరియొకటి. మొదటిదానిని డబ్బుతో సరిచేసికొనవచ్చును.

దీనికి తగినది వేడికి ముడుచుకొను ప్లాస్టిక్ గొట్టము. బజారులో హీట్ ష్రింక్ స్లీవు అందురు. వేడి తగులగానే ముడుచుకొని కేబులును గట్టిగా పట్టుకొనును. లోపల జిగురు పూసిన రకమునే అడిగి కొనవలెను. జిగురు లేనిది నీటిని ఆపలేదు.

“హీట్‌గన్‌కు కరెంటు కావలెను గదా, చేలో ఎట్లు?” అని రైతులు అడుగుచున్నారు. కొందరు ప్రక్క లైనునుండి తీగ లాగి హీట్‌గన్ నడుపుచున్నారు. ఒక తెగిన కేబులును బాగుచేయుటకు తడినేలమీదికి మరియొక ప్రమాదమును తెచ్చుకొనుట నాకు సమ్మతము కాదు. చిన్న గ్యాసు టార్చి చాలును. అగ్గిపుల్ల, క్రొవ్వొత్తి మసి పట్టించును, వేడిని సమముగా ఈయవు. మరిగే నీరు 100 డిగ్రీలు దాటదు. జిగురు స్లీవులు పూర్తిగా ముడుచుకొనుటకు సాధారణముగా 120 డిగ్రీల వరకు కావలెను.

కరెంటు పోవుట వేరు, మనము కరెంటు తీసివేయుట వేరు. పోయిన కరెంటు ఏ నిమిషములోనైనను రావచ్చును. కాబట్టి స్టార్టరు ఆపి, మెయిను దించి, ఫ్యూజులు ఊడదీసి జేబులో వేసికొనిన తరువాతనే కేబులు ముట్టవలెను.

తీగలు కలుపకముందే స్లీవును కేబులుమీదికి ఎక్కించవలెను. నవ్వవద్దు, అనుభవజ్ఞులైన మెకానిక్కులు కూడ దీనిని మరచి అతుకును మరల కోయుదురు. మూడు తీగల అతుకులు ఒకేచోట పడకుండ కొంచెము ముందువెనుకలుగా వేసి, ఒక్కొక్క తీగకు చిన్న స్లీవు, అన్నిటికిపైన పెద్ద స్లీవు తొడగవలెను. కేబులుపై బురద, జిడ్డు తుడిచి, గరుకు కాగితముతో రుద్దవలెను. మంటను మెత్తగా ఉంచి, ఒకచోట నిలుపక, నడుమనుండి అంచులకు చుట్టును త్రిప్పవలెను. అప్పుడు లోపలి గాలి బయటికి పోవును. అంచులలో జిగురు ఉంగరమువలె కనబడినచో చాలును. అంతకుమించి కాల్చినచో కేబులు తొడుగే కరగును. తానే చల్లారువరకు కదల్పరాదు, నీటిలో ముంచరాదు. చల్లారిన పిమ్మట బక్కెట్టు నీటిలో నానబెట్టి, మోటారు విప్పి, మెగ్గరుతో చూడవలెను. ఒక మెగోముకు తక్కువ చూపినచో ఆ అతుకును కోసి మరల వేయవలసినదే.

1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫానులో కొబ్బరితోటలతోపాటు విద్యుత్ లైన్లు కూలినవి. అట్టి రోజులలో కరెంటు వచ్చువరకు కూర్చుండక, అతుకులు ముందుగా సిద్ధము చేసికొనవచ్చును. ఒక్కొక్క రైతు టార్చి, మెగ్గరు కొననక్కరలేదు. గ్రామమునకు ఒక జత రైతు సేవా కేంద్రములో ఉంచి, వాడుట తెలిసినవానికి అప్పగించినచో మేలు. గ్యాసు డబ్బాలను మాత్రము ఎరువుల బస్తాలకు, గడ్డివాములకు దూరముగా ఉంచవలెను.