పిన్ను పట్టితే చాలదా?



దసరా సెలవులకు ఇస్నాపూర్‌లో మావాళ్ల కిరాయి గదికి పోయాను. మా బాపు పాశమైలారంలో నైట్ డ్యూటీ చేస్తాడు. కరెంటు బండి మీద పోతాడు. దాని చార్జర్ కాలిపోయింది. కంపెనీది నాలుగు వేలు అన్నారట. పక్క గది అన్న తన పాత బండి చార్జర్ ఇచ్చాడు. పిన్ను సరిగ్గా పట్టింది. పొద్దున డ్యూటీ దిగి వచ్చి, బ్యాటరీ గదిలోనే చార్జింగ్ పెట్టి, దాని పక్కనే పండుకుంటాడు.

నేను ఊడుస్తూ దాని మీద చెయ్యి పెట్టాను. పెనం లెక్క ఉంది! రెండింటి మీది అక్షరాలు చదివాను. బ్యాటరీ మీద లిథియం అని, చార్జర్ మీద లెడ్ ఆసిడ్ అని ఉంది. మా ఇంట్లో ఇంగ్లీషు చదివేది నేనొక్కదాన్నే. "రెండూ 48 వోల్టులే కద బిడ్డా" అన్నాడు బాపు, అంకెలు తెలుసు కాబట్టి.

అక్కడే మోసం ఉంది. లిథియం సెల్ ఒక్కోటి 4.2 వోల్టుల దాకే నిండాలి. 48 వోల్టుల బ్యాటరీలో మామూలుగా 13 సెల్స్ వరుసగా ఉంటాయి. హెచ్చవేస్తే 54.6. లెడ్ చార్జర్ 58 దాకా తోస్తుంది. లోపల కాపలా సర్క్యూట్ ఉంటుంది, నిజమే. అది చెడిపోతే ఆపేదెవరు? అంత ముఖ్యమైన మాటను కంపెనీలు చీమంత ఇంగ్లీషులో రాస్తున్నాయి. తెలుగులో పెద్దగా రాయాలి. వేరే చార్జర్ పట్టకుండా పిన్ను కూడా వేరుగా చెయ్యాలి. తప్పంతా మా బాపు మీద వేస్తే నేను ఒప్పుకోను.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి చనిపోయారు. అదే ఏడు సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద కరెంటు బండ్ల షోరూం అంటుకుంది. పైన లాడ్జి. పొగ మెట్ల మీదుగా పైకెక్కింది. 8 మంది చనిపోయారు.

ఇది చదివినప్పటి నుంచి మన హాస్టల్ మెట్లే కండ్ల ముందు ఉన్నాయి. మెట్ల కింద రోజూ రాత్రి రెండు బండ్లు చార్జింగ్‌లో ఉంటున్నాయి, రెండింటికీ ఒకటే చార్జర్. పైన ఆరు, ఏడు తరగతుల చెల్లెండ్లు పండుకుంటారు. దిగడానికి ఆ మెట్లు ఒక్కటే దారి. మేడం గారూ, కోపం చేయకండి. బండ్లను బయట రేకుల షెడ్డు కిందికి మార్పించండి, పగలే చార్జింగ్ పెట్టించండి. చార్జర్ మీది అక్షరాలు నేను చదివి చెప్తాను.

మా బాపు ఆ చార్జర్ వాపసు ఇచ్చేశాడు. జీతం వచ్చేదాకా షేర్ ఆటోలో పోతున్నాడు.

— 9వ తరగతి విద్యార్థిని